పదో నంబరు చెప్పులు

ఉమ ఉండే గది గుమ్మం ముందు ఒక జత మగవాళ్ల తోలు చెప్పులు మూడేళ్లుగా పడి ఉన్నాయి. పదో నంబరు. ఆ మూడేళ్లలో వాటిలో కాలు పెట్టినవాడు లేడు. అయినా అవి ఆ ఇంటికి చేసిన మేలు లక్షణమైన మొగుడు కూడా చేసి ఉండడు.

హైదరాబాదులో ఆడమనిషి కిరాయి ఇల్లు అడగడానికి పోతే మొదటి ప్రశ్న కిరాయి గురించి రాదు, మొగుడి గురించి వస్తుంది. ఉమ మొదట్లో ఉన్నమాట ఉన్నట్టే చెప్పింది. తమది నెల్లికుదురు దగ్గరి తండా అని, మొగుడు చందూలాల్ భీవండికి పనికి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడని, తాను ఉప్పల్లో టైలరు షాపులో జాకెట్లు కుట్టి పిల్లను సాకుతున్నానని. విన్నవాళ్లందరూ అయ్యో అన్నారు. ఒకావిడ కళ్లు కూడా తుడుచుకుంది. తుడుచుకుని తలుపేసుకుంది. నిజం చెబితే జాలి దొరుకుతుంది గానీ ఇల్లు దొరకదని నాలుగో గడప దగ్గర ఉమకు బుద్ధి వచ్చింది.

ఐదో గడప వెంకట్రాం గారిది. కొడకండ్లలో పొలాలున్న మనిషి. ఉప్పల్లో రెండంతస్తులు వేసి, పైన తాము ఉంటూ కింద గదులు కిరాయికి ఇస్తున్నాడు. ఆయన భార్య కమల గేటు దగ్గరే నిలబెట్టి అడిగింది.

"మీ ఆయన ఏం జేస్తడు?"

"భూపాలపల్లిల బొగ్గుబాయి పనమ్మా," అంది ఉమ రెప్ప వేయకుండా.

"మరి ఇంటికి రాడా?"

"ఆదివారం గూడ బాయిలకు దిగితె రెండు దినాల కూలి వడ్తదని గన్నే ఉంటడు. ఎన్నడన్న ఒకపారి వస్తడు."

బొగ్గుబాయి నౌకరీ అంటే వరంగల్ జిల్లాలో పిల్లనిచ్చే తండ్రులు బారులు తీరుతారు. ఇక గది ఇవ్వడానికేం? తాళంచెవి చేతికొచ్చింది. ఆ ఆదివారమే ఉమ కోఠీ పోయి ఒక గీతల చొక్కా, ఆ పదో నంబరు చెప్పులు కొనుక్కొచ్చింది. ఎలాగూ లేని మొగుడే కదా, కాస్త పొడుగ్గా ఉంటే ఏం పోయింది అనుకుని పెద్ద సైజే తీసుకుంది. చెప్పులు గుమ్మం ముందు పెట్టింది. చొక్కా వారానికోసారి నీళ్లలో ముంచి, అందరికీ కనబడేటట్టు తీగమీద ఆరేసింది.

అఖిలకు అప్పుడు ఐదేళ్లు. పిల్లకు గుట్టు చెబితే బజారుకు చెప్పినట్టేనని ఉమ ఆమెకూ అదే కథ చెప్పింది. బాపు బాయిలో ఉంటాడు, నేలకింద ఫోను అందదు, పని ఎక్కువ. అబద్ధాలన్నిట్లోకీ అదొక్కటే ఉమకు చెప్పబుద్ధయ్యేది కాదు. తర్వాత అదీ అలవాటైపోయింది.

వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడంటారు. ఉమకు ఉన్నవి ఒక్క వేణ్ణీళ్లే. కిరాయి, బడి ఫీజు, బియ్యం, గ్యాసు అన్నీ ఆ జాకెట్ల మీదినుంచే రావాలి. అందుకని ఆమె కూరగాయలు అంగడి ఎత్తేసే వేళకు కొనేది, ఒంగిన వంకాయకు ధర తగ్గించమనేది, కుట్టగా మిగిలిన గుడ్డముక్కలతో అఖిలకు రంగురంగుల గౌన్లు కుట్టేది. బస్సులో పిల్లకు టికెట్టు తీసేది కాదు. "ఇంకా ఐదు నిండలే అన్నా," అనేది కండక్టరుతో. ఏడేళ్ల అఖిల అదే సమయానికి కిటికీలోంచి దుకాణాల బోర్డులన్నీ వరసగా, తప్పు లేకుండా, గట్టిగా చదివేది. చదువు మీద పెట్టిన డబ్బు ఊరికే పోదని ఉమకు ఆ బస్సులోనే తెలిసింది.

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు బంద్, బడులు బంద్, బస్సులు బంద్. బొగ్గుబాయిలు కూడా బంద్. బొగ్గు రాక కరెంటు కోతలు మొదలైతే ఉమ మిషను మోటారు విప్పేసి కాళ్లతో తొక్కడం మొదలుపెట్టింది. పిక్కలు పీకుతున్నా ఆమెకు సమ్మె మీద కోపం రాలేదు. రాష్ట్రం రావాలని ఆమెకూ ఉంది. సినిమాల్లో తన మాట వినగానే జనం నవ్వే రోజులు పోవాలని ఉంది. రాష్ట్రమొస్తే కిరాయిలు తగ్గుతాయని ఎవరూ చెప్పలేదు గానీ, ఆ ముక్క ఆమె తనకు తానే కలుపుకుంది.

వెంకట్రాం ఆ రోజుల్లో నేలమీద లేడు. వచ్చే ఎన్నికల్లో టికెట్టు మీద ఆయనకు మనసుంది. మెడలో కండువా, చేతిలో మైకు, కాలనీ మూలన ఒక టెంటు. కమల పొద్దున కలిపిన చాయ్ సాయంత్రం వేడిచేసి ఇవ్వాల్సి వచ్చేది. అలాంటి మనిషి ఒకనాడు గేటు దగ్గర ఉమను చూసి ఆగాడు.

"ఏందమ్మా ఉమా, బాయిలన్ని బందాయె. మీ ఆయనకు ఇగ తీరికే గద! ఇంటికి రాలే?"

వాన, జ్వరం, ఓవర్‌టైము, అన్నిటికీ ఆమె దగ్గర జవాబులున్నాయి. బాయిలే బంద్ అవుతాయని మాత్రం కలలో కూడా అనుకోలేదు.

"బస్సులు లేవు గద సారూ," అంది.

వారం పోయాక ఆయన మళ్లీ అడిగాడు. "వరంగల్ దాక ఏదన్న జీపు వట్టుకొని, గాడికెల్లి రైలెక్కొచ్చు గద."

"రైలు రోకోనట సారూ."

"అయితె రేపు నా కారు భూపాలపల్లికే వోతున్నది. పేరు, బాయి నంబరు జెప్పు, నేనే తోలుకొస్త. పండుగ పూట పెండ్లాంబిడ్డల కాడ ఉండకపోతె ఎట్ల?"

పుణ్యం చేయాలని మనిషి ఇంత పట్టుబట్టడం ఉమ ఎన్నడూ చూడలేదు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని తెలిసీ ఆమె నోరు జారింది.

"రాలేడు సారూ. పోలీసులు వట్టుకపోయిండ్రు. జైల్ల ఉన్నడు."

వెంకట్రాం కళ్లు పెద్దవయ్యాయి. ఉమ ఆయన జాలిపడతాడనుకుంది. ఆయన సంబరపడ్డాడు. ఉద్యమంలో జైలుకు పోయినవాడి కుటుంబం తన ఇంట్లోనే, తన కిరాయి గదిలోనే ఉంది! సాయంత్రానికి కాలనీ అంతటికీ తెలిసింది. పైనుంచి పాతిక కిలోల బియ్యం మూట దిగింది. ఆ నెల కిరాయి అడగవద్దని వెంకట్రాం స్వయంగా కమలకు చెప్పాడు. ఉమ ఆ బియ్యం వండింది. అన్నంతో పాటు మనసూ ఉడికింది. అయినా తిన్నది, పిల్లకు పెట్టింది. వండిన అన్నం పారబోసేటంత గొప్ప మనసు తనకు లేదని ఆమెకు తెలుసు.

జైలు మాట విని అఖిల ఏడవలేదు. "యాడీ, బాపు జైల్లకెల్లి ఎన్నడొస్తడు?" అని మాత్రం అడిగింది. ఇంట్లో తల్లిని తమ భాషలో యాడీ అంటుంది, బయట అమ్మా అంటుంది. ఆ తర్వాత రోజూ ఆ చెప్పుల దుమ్ము తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. ఉమ అది చూసినప్పుడల్లా వంటింట్లోకి పోయి లేని పని కల్పించుకునేది.

దసరా పోయిన నాలుగు రోజులకు వెంకట్రాం కిందికి దిగి వచ్చి శుభవార్త చెప్పాడు. జనగామలో దీక్షా శిబిరం దగ్గర పెద్ద సభ. ఖైదీ భార్యగా ఉమకు శాలువా. ఆమె మాట్లాడాలి కూడా.

"భూపాలపల్లికెల్లి బాయి కార్మికుల లీడరు మల్లేశం గూడ వస్తుండు. మీ ఆయన ఆయనకు ఎర్కే ఉంటడు," అన్నాడు.

అబద్ధం బయటపడితే గది పోతుంది. గది పోతే మరో గదికి అడ్వాన్సు ఇచ్చే శక్తి లేదు. ఆడవాళ్ల హాస్టల్లో ఒక మంచం దొరుకుతుంది గానీ అక్కడ పిల్లల్ని ఉండనివ్వరు. అప్పుడు అఖిలను తండాలో తల్లి మోతీబాయి దగ్గర వదిలేయాలి. ఏడాదికి రెండుసార్లు చూసుకునే తల్లి కావాలి. నాలుగు గడపల దగ్గర అవమానం మింగింది, మూడేళ్లు చొక్కా ఆరేసింది ఆ ఒక్కటీ జరగకూడదనే.

సభ రోజు పొద్దున జ్వరమని దుప్పటి కప్పుకుని పడుకుంది. కమల వచ్చి నుదుటిమీద చెయ్యి పెట్టి చూసింది.

"సల్లగ కుండ తీర్గ ఉన్నవు. లేసి చీర గట్టుకో," అంది. ఆ అనడంలో చిన్న నవ్వేదో ఉందని ఉమకు అనిపించింది గానీ, నవ్వుల సంగతి ఆలోచించే పరిస్థితిలో లేదు.

కారులో వెంకట్రాం ముందు కూర్చుని దారి పొడుగునా ఉపన్యాసం సాధన చేశాడు. వెనక కమల, ఉమ, మధ్యలో అఖిల. అఖిల ఒళ్లో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. ఏమిటని తల్లి అడిగితే కవరును ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. భువనగిరి, ఆలేరు దాటిపోయాయి. కారు పంక్చరైనా బాగుండునని ఉమ మొక్కుకుంది. ఆ రోజు దేవుళ్లు కూడా సమ్మెలో ఉన్నట్టున్నారు.

జనగామలో రోడ్డు పక్కన టెంటు, టెంటు నిండా జనం, డప్పులు, రోడ్డు మీదే పెద్ద పెద్ద గిన్నెల్లో ఉడుకుతున్న పప్పు. స్టేజీ పక్కన మల్లేశం కలిశాడు. యాభై ఏళ్ల మనిషి. చేతుల మీద పాత దెబ్బల తాలూకు నల్లని మచ్చలున్నాయి.

"చెల్లే, మీ ఆయన ఏ బాయిల చేస్తడు?" అన్నాడు ఆప్యాయంగా. "ఇరువై ఏండ్ల సంది నేను గన్నే ఉన్న. అరెస్టయినోళ్ల పేర్లన్ని నా జేబులనే ఉన్నయి. చందూలాల్ అనేటాయన నాకు యాదికొస్తలేడు."

ఉమ నోరు తెరిచింది. మూడేళ్లలో మొదటిసారి అందులోంచి అబద్ధం రాలేదు. ఇంతలో అఖిల వచ్చి మల్లేశం ముందు నిలబడి కవరు చాపింది.

"మామా, గివి మా బాపుకు ఇస్తవా? చెప్పులు ఇంటికాడనే ఇడిచి వోయిండు. జైల్ల కాళ్లు కాల్తయి గద."

మల్లేశం కవరులోంచి చెప్పులు తీశాడు. తిరగేసి చూశాడు. అడుగున ఒక్క గీత లేదు, ఒక్క రాయి గుచ్చుకున్న గుర్తు లేదు. నంబరు కాగితం కూడా సగం అలాగే అంటుకుని ఉంది. ఆయన ఆ చెప్పుల వంక చూశాడు, ఉమ వంక చూశాడు, చెప్పులు మళ్లీ కవరులో పెట్టి పిల్ల చేతికిచ్చాడు.

అప్పుడు ఉమకు సిగ్గేసింది. ఊరందరినీ మోసం చేసినందుకు కాదు. ఊరు ఆమెను అంతకన్నా ఎక్కువే మోసం చేసింది. కాళ్లు కాలుతాయని దిగులుపడ్డ ఈ పిల్లను మోసం చేసినందుకు. అఖిలను టెంటు వెనక్కి తీసుకుపోయి, మోకాళ్లమీద కూర్చుని, తమ భాషలో, మెల్లగా చెప్పింది. బాపు జైల్లో లేడు. బాయిలోనూ లేడు. భీవండిలో వేరే ఇంట్లో ఉన్నాడు. రాడు.

అఖిల చాలాసేపు కవరు చెవులు మెలిపెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ కిందికి జారనివ్వలేదు.

"మరి గీ చెప్పులెవ్వరియి?"

"మనయే బిడ్డా. నేనే కొన్న."

"అబద్ధం జెప్పుడు తప్పని మా టీచరు జెప్పింది."

"టీచరుకు సొంతిల్లున్నది బిడ్డా," అంది ఉమ. అని పిల్లను గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఏడ్చి, కొంగుతో ఇద్దరి ముఖాలూ తుడిచింది. స్టేజీ మీద వెంకట్రాం గొంతు గణగణమంటోంది. "బాయి కార్మికుడు చందూలాల్! ఇయ్యాల జైలు గోడల నడుమ ఉన్నడు! ఆయన పెండ్లాంబిడ్డలు నా ఇంట్ల ఉన్నరు!" అంటున్నాడు. జనం జై కొడుతున్నారు. ఆ జై వింటూ ఉమ ఒక నిమిషం ఆలోచించింది. ఏడుపు ముఖంలోంచి మెల్లగా ఒక కొంటె నవ్వు బయటికొచ్చింది. కొంగు నడుముకు దోపుకుని మెట్లెక్కింది.

"అన్నలకు, అక్కలకు దండాలు," అంది మైకు ముందు నిలబడి. "సారు జెప్పిండు గని నా మొగుడు జైల్ల లేడు. బాయిల గూడ లేడు. నన్ను నా బిడ్డను ఇడిచిపెట్టి ఆరేండ్లాయె. నేనొక్కదాన్నే కుట్టుమిషను తొక్కి బిడ్డను సాదుకుంటున్న."

వెంకట్రాం చేతిలో శాలువా చేతిలోనే ఉండిపోయింది.

"హైద్రబాదుల నాలుగిండ్లు దిరిగిన. మొగుడు లేడంటె తలుపేసిండ్రు. అయిదో ఇల్లు వెంకట్రాం సారుది. సారుకు మొదటి సంది అంత ఎర్కే!"

ఇది ఆమె ఆ మైకులో చెప్పిన మొదటి అబద్ధం.

"ఎర్కుండి గూడ గది ఇచ్చిండు. నలుగురిల ఒంటరి ఆడిదంటె సులకన జేస్తరని, నీకు మొగుడున్నడనే జెప్పుకో బిడ్డా, నేను సూసుకుంట అన్నడు. గా అబద్ధాన్ని తన నెత్తిమీదేస్కోని ఇయ్యాల మీ ముంగట గూడ మోసిండు. గింత పెద్ద మనసు ఎవరికుంటది? గని ఇగ సారును గంత పరేషాన్ జేసుడు నాకు ఇష్టం లేదు. రేపు మన రాష్ట్రమొస్తది. వచ్చినంక మొగుడు లేని ఆడిది గిట్ల చెప్పులు కొని గడప ముంగట వెట్టుకునే రోజులు ఉండొద్దు. నా గది కిరాయి గూడ పెంచనని సారు మాటిచ్చిండు. గా శాలువా నాకొద్దు, సారుకే కప్పుండ్రి!"

ముందు వరసలో కూర్చున్న ఒక ముసలమ్మ "శబాష్ బిడ్డా!" అని అరిచింది. తర్వాత డప్పులు లేచాయి. వెంకట్రాం అన్న జిందాబాద్ అన్నారు. ఆడవాళ్లు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వెంకట్రాం ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది, ఆ చప్పట్లు ఆగకపోయేసరికి ఏం చేయాలో తెలియక నవ్వింది. లేని మంచితనాన్ని కాదనడానికి ఆయనకు మైకులో ఒక్క ముక్క దొరకలేదు.

మల్లేశం లేచి ఉమ చేతిలోని మైకు అందుకున్నాడు. ఇరవై ఏళ్లు యాజమాన్యాలతో చర్చలు చేసిన మనిషి, మాట ఎక్కడ బిగించాలో ఆయనకు తెలుసు.

"వెంకట్రామన్నా, గా కిరాయి ముచ్చట నీ నోటితోటి ఒక్కపారి జెప్పు. మా బాయోళ్లు గూడ ఇనాలె," అన్నాడు.

"పెంచ," అన్నాడు వెంకట్రాం మైకులో. ఆయన ఇచ్చిన ఉపన్యాసాలన్నిట్లో అదే చిన్నది, దానికే ఎక్కువ చప్పట్లు పడ్డాయి.

తిరుగు ప్రయాణంలో కారు ఆలేరు దాటింది. శాలువా ఇంకా వెంకట్రాం భుజాల మీదే ఉంది. దాన్ని ఉంచుకోవాలో తీసేయాలో ఆయనకు తేలలేదు.

"నాకు ఎర్కే అని నేనెప్పుడన్ననమ్మా?" అన్నాడు చివరికి, వెనక్కి తిరగకుండానే. "గింత మోసమా? ఒకటో తారీఖుకు..."

"ఒకటో తారీఖుకు ఏంది?" అంది కమల. "మీకు ఎర్క లేకుంటె లేకపాయె, నాకు మూడేండ్ల సంది ఎర్కే. బాయి పనోని అంగి కాలరు ఒక్కనాడన్న మాయదా? వారం వారం అదే గీతల అంగి, అదే తెలుపు. నేనేమన్న గుడ్డిదాన్నా?"

ఉమ కమల వైపు తిరిగింది. "మరి ఒక్కనాడు గూడ అనలేదేందక్కా?" ఎప్పుడూ అమ్మా అని పిలిచే నోటికి అక్కా అనే మాట తెలియకుండానే వచ్చింది.

"ఏమంటనే? నాకు మొగుడున్నడు. నెలకు ఇరువై దినాలు మీటింగులల్లనే ఉంటడు. నీకు గా అంగి అన్న ఇంటికాడుంటది," అంది కమల. డ్రైవరు దగ్గు వచ్చినట్టు నటించాడు. వెంకట్రాం ఆ తర్వాత ఒకటో తారీఖు మాట ఎత్తలేదు. రేపటి పేపర్లో తన ఫొటో వస్తుందా రాదా అన్నదే ఆలోచిస్తున్నట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

మరునాడు పొద్దున ఉమ ఆ గీతల చొక్కాను మిషను మీద పరిచి కత్తెర పెట్టింది. అఖిలకు గౌనుకు బట్ట సరిపోతుందా అని కొలుస్తుంటే బయట నేలమీద టపటపమని చప్పుడైంది. తొంగి చూసింది. అఖిల పదో నంబరు చెప్పుల్లో తన చిన్న పాదాలు దూర్చి, పడిపోకుండా చేతులు చాపి, నల్లా దగ్గరికి బకెట్టు పట్టుకుని పోతోంది. మూడేళ్లలో ఆ చెప్పులు నడవడం అదే మొదటిసారి.

ఆ చప్పుడుకు పైనుంచి కమల కేకేసింది. "ఏందే ఉమా, నీ మొగుడు గిట్ల వచ్చిండా?"

ఉమ నవ్వాపుకోలేకపోయింది. జవాబు మాత్రం అఖిలే ఇచ్చింది, బకెట్టు కిందపెట్టి, తలెత్తి.

"బాపు రాడు పెద్దమ్మా. చెప్పులు మాయే!"